టిక్కు పడిన అమ్మాయి

ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా అమ్మాయిని రక్తపరీక్షల ల్యాబులో ఇంటర్వ్యూకి దింపాలి. ఏడాదిగా కాళ్లరిగేలా తిరిగితే వచ్చిన ఒకే ఒక్క పిలుపు. దారిలో బండి జారుతుందేమో, అక్కడ లిఫ్టు మధ్యలో ఆగుతుందేమో అని తల్లి పళ్లు తోముకోకముందే భయపడటం పూర్తిచేసింది. పిల్ల అసలు గడపే దాటదని మాత్రం ఆమెకు తోచలేదు.

తండ్రి మోటారు విడిభాగాల గోదాములో స్టోర్‌కీపరు. ఫోన్లో ఉన్న నోట్స్‌ను జనం పావువంతు కూడా వాడుకోవడం లేదని ఏదో వీడియోలో విని, ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పనుల జాబితా రాసి అందరి ఫోన్లలోనూ కనిపించేట్టు పెట్టాడు. పని అయ్యాక పక్కన టిక్కు కొట్టాలి. అయితే ఒక పనిని ఎవరికైనా పురమాయించాడంటే ఆయన లెక్కలో అది అయిపోయినట్టే. అందుకే ఆయన గోదాములో సరుకెప్పుడూ కాగితం మీద నిండుగా ఉంటుంది.

"చెల్లిని ల్యాబులో దింపడం, పెద్దాడు" అని రాసి, బస్సెక్కి కూర్చోగానే టిక్కు కొట్టాడు.

పెద్దాడు బండి తాళాలు తీస్తూ ఫోను చూశాడు. నాన్నే దింపేశాడు, బతికాం అనుకుని తన దారిన పోయాడు. మేడ మీద బట్టలారేసి దిగిన తల్లి కూడా చూసింది. "చెప్పకుండానే వెళ్లిందంటే ఎంత కంగారులో ఉందో పిచ్చిది" అని గొణుక్కుంటూ, బయట తాళం వేసి మందుల షాపుకు నడిచింది.

స్నానాల గదిలోంచి వచ్చిన అమ్మాయి ముస్తాబై తలుపు లాగింది. రాలేదు. బాదింది. ఒక చేత్తో బాదుతూనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, అన్నయ్య ఏడి? బయట తాళం వేసుంది."

"నువ్వు ల్యాబులో ఉన్నావు కదమ్మా."

"ఇంట్లో ఉన్నాను."

"అదెలా? టిక్కుందే."

"టిక్కుంటే? మాట్లాడేది నేనేగా."

"ఉండు, మళ్లీ తెరిచి చూస్తా." చూసి, "టిక్కే ఉందమ్మా" అన్నాడు నెమ్మదిగా, బిడ్డ మాట నమ్మలేకపోతున్నందుకు నొచ్చుకుంటూ.

ఈలోగా ఆ బాదుడు విన్న కింది వాటా రిటైర్డ్ కండక్టరు తల్లికి ఫోన్ చేశాడు. "మీ ఇంట్లో ఎవరో ఉన్నారమ్మా. తలుపు విరగ్గొడుతున్నారు."

"ఎవరూ లేరన్నయ్యగారూ, అందరం బయటే" అంటూండగానే ఆమెకు తట్టింది. దొంగ. ఒక్కడై ఉండడు, ముగ్గురుంటారు. కత్తులుంటాయి. మందులు షాపులోనే వదిలేసి పరుగెత్తింది. అప్పటికే కండక్టరు చీపురుకర్రతో, ఇస్త్రీ అతను వేడి పెట్టెతో గుమ్మం ముందు కాపు కాస్తున్నారు.

లోపలినుంచి, "అమ్మా, నేనే, తాళం తియ్యి" అని వినిపించింది.

"చూశారా, మా పిల్ల గొంతు కూడా నేర్చుకొచ్చారు" అంది తల్లి. "పోలీసులొచ్చేదాకా నేను తియ్యను."

కండక్టరు ఫోన్ చేస్తే పోలీసాయన తాపీగా వచ్చి తాళం తీయించేసరికి పదకొండు దాటింది. గుమ్మంలో దొంగ, ఇస్త్రీ చీరలో, కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారు. పోలీసాయన మాత్రం, పారిపోకుండా పట్టుకున్నందుకు తల్లిని మెచ్చుకున్నాడు.

అమ్మాయి కళ్లు తుడుచుకుని ల్యాబుకు ఫోన్ చేసింది. "సారీ సార్, ఇంటర్వ్యూకి రాలేకపోయాను. ఇంకో అవకాశం..."

"మీది అయిపోయిందిగా" అన్నాడు మేనేజరు. "మా ల్యాబు నోట్స్‌లో మీ పేరు పక్కన టిక్కుంది. బాగా చెప్పారట కూడా. సోమవారం వచ్చి చేరండి."

ఆ ఉద్యోగం తన నోట్స్ చలవేనని తండ్రి సాయంత్రానికల్లా వీధంతా చాటుకున్నాడు. తల్లి కాదనలేదు. ఆ ల్యాబులో మాత్రం ఇంట్లో ఎవరి రక్తమూ ఇవ్వకూడదని తీర్మానించుకుంది.