మట్టి రోడ్డు సెక్షన్

దిల్‌సుఖ్‌నగర్‌లోని నవ మస్తిష్క టాలెంట్ స్కూల్ యాజమాన్యం, ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పే ముందు వాళ్ళ మెదడులో చదువుకు తగిన ఏర్పాట్లు ఉన్నాయో లేవో స్కానింగ్ తీయించి చూడాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏర్పాట్లు లేనిచోట టీచర్లు గొంతు చించుకోవడం జాతీయ వనరుల వృథా అని కూడా అందులో రాసుకున్నారు. తల్లిదండ్రులు హర్షించారు. పక్క స్కూలు తల్లిదండ్రులు తమకీ సదుపాయం ఎందుకు లేదని ధర్నాకు దిగారు.

దీని వెనక గట్టి శాస్త్రమే ఉంది. కరస్పాండెంట్ రామారావు గారు ఒక పెద్ద హోటల్లో జరిగిన మెదడు సదస్సుకు స్వయంగా వెళ్ళొచ్చారు. చదవడానికి పనికొచ్చే చోటు ఎడమ చెవి వెనకగా చిన్నగా ఉంటుందట. అక్షరం రాకముందే అక్కడి నుంచి మాట వైపుకూ, చూపు వైపుకూ నరాల దారులు పడి ఉంటాయట. ఆ దారులు ఎక్కడ కలిస్తే చదువు అక్కడే కాపురం పెడుతుందట. ఇదంతా భోజనాలకు ముందు చెప్పారు. చదివేకొద్దీ ఆ చోటు ఎలా పదునెక్కుతుందో భోజనాల తర్వాత చెప్పారు గానీ, అప్పటికే రామారావు గారు ఎల్‌బీ నగర్ ట్రాఫిక్‌కు భయపడి బయల్దేరారు.

కాబట్టి స్కూలు భోజనాల ముందటి శాస్త్రాన్ని తు.చ. తప్పకుండా అమలుచేసింది. స్కానింగ్‌లో కనిపించిన నరాల దారుల వెడల్పును బట్టి పిల్లల్ని ఫోర్ లేన్, టూ లేన్, మట్టి రోడ్డు అని మూడు సెక్షన్లు చేశారు. ఫోర్ లేన్ పిల్లలకు బంగారు రంగు టైలు కట్టారు. వాళ్ళ తల్లులు స్కానింగ్ ఫొటోలు స్టేటస్‌లో పెడితే, చుట్టాలు అచ్చం తాతయ్య పోలికే అని మెచ్చుకున్నారు. ప్లాట్ల వ్యాపారి మల్లేశం గారు మనవడికి టూ లేన్ వచ్చిందని తెలిసి, రోడ్డు వెడల్పు పనులకు ఎవరిని కలవాలని వారం రోజులు ఆఫీసు చుట్టూ తిరిగారు.

మట్టి రోడ్డు సెక్షన్‌కు పన్నెండు మంది ఎంపికయ్యారు. బరువు బండ్లు పోతే మట్టి రోడ్డు గుంతలు పడుతుంది గనుక, వాళ్ళ క్షేమం కోరి పుస్తకాలు వెనక్కి తీసుకుని, తలా ఒక బంకమట్టి ముద్ద ఇచ్చారు. ఇంట్లో కూడా పుస్తకం ముట్టనివ్వబోమని తల్లిదండ్రుల చేత హామీపత్రం రాయించుకున్నారు. ఆ పన్నెండు మందిలో మట్టయ్య కూతురు వర్ష ఒకతి.

మట్టయ్యది నల్గొండ దగ్గర పల్లె. ఎల్‌బీ నగర్‌లో కిరాయికి ఉంటూ, నాగోల్ అపార్ట్‌మెంట్లలో కరెంటు వైరింగ్ చేస్తాడు. వర్ష ఖాళీ సంచితో ఇంటికొచ్చి, తనకు దారి లేదని పుస్తకాలు గుంజుకున్నారని వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు మట్టయ్య పొద్దున్నే పని మానుకుని ప్రిన్సిపల్ సంధ్యారాణి గారి గది ముందు నిలబడ్డాడు.

సంధ్యారాణి గారు విజయవాడ నుంచి వచ్చి స్థిరపడిన మర్యాదస్తురాలు. అతన్ని కూర్చోబెట్టి, స్కానింగ్ చూపించి, లోపల వైరింగే అలా ఉంటే స్కూలు మాత్రం ఏం చేయగలదని సానుభూతిగా అడిగారు. వైరింగ్ అన్న మాట వినగానే మట్టయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"మేడం, స్లాబ్ పొయ్యకముందే మేం పైపులు ఏస్తం. పైపు ఏడికొస్తే స్విచ్‌బోర్డు గాడ్నే పెడ్తం. మీరు జెప్పేది గంతవరకు నిజమే. గని పైపు సన్నగుందని కరెంటే ఇయ్యకుంటే లైటెట్ల ఎలుగుతది? జర నా బిడ్డ పుస్తకాలు ఇయ్యుండ్రి."

"ఇది సైన్సండీ," అన్నారావిడ నొచ్చుకుని. "ఎలక్ట్రీషియన్లు కలగజేసుకోకూడదు. బంకమట్టి అయిపోతే చెప్పండి, ఇంకో ముద్ద ఇప్పిస్తాను."

మట్టయ్య మాట మీద నిలబడే మనిషి. ఇంట్లోకి పుస్తకం తేలేదు. అయితే హామీపత్రంలో దుకాణాల బోర్డుల ప్రస్తావన లేదు. రోజూ కూతుర్ని స్కూటర్ మీద దించేటప్పుడు సిగ్నల్ పడిన ప్రతిచోటా ఒక బోర్డు చూపించి చదివించసాగాడు. మన ట్రాఫిక్ దయవల్ల ఒక్కో సిగ్నల్ దగ్గర తీరిగ్గా రెండేసి బోర్డులు అయ్యేవి. మొదటి నెల 'క' దాటలేదు. దసరా నాటికి వర్ష "ఇచ్చట మూత్రము పోయరాదు" అని గొంతెత్తి గడగడా చదివేసరికి, సరిగ్గా ఆ గోడ ముందే నిలబడి ఉన్న ఒక పట్టభద్రుడు ఉలిక్కిపడి పని మధ్యలో ఆపుకున్నాడు. మట్టయ్యకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

అర్ధసంవత్సరం స్కానింగ్ జరిగింది. మిషన్ లోపల పడుకోబెట్టి అక్షరాలు చూపిస్తే, ఫోర్ లేన్ పిల్లల్లో ఏమీ వెలగలేదు. దారి ఎలాగూ ఉంది కదా, చదువు దానంతటదే వస్తుందని తల్లిదండ్రులు వాళ్ళ చేతికి సెల్‌ఫోన్లిచ్చి కూర్చోబెట్టారు మరి. వర్షకు మాత్రం చెవి వెనక చోటు దీపావళిలా వెలిగింది. మిషన్ పాడైందని ఆపి, మళ్ళీ పెట్టి చూశారు. మళ్ళీ వెలిగింది.

రామారావు గారు మట్టయ్యను పిలిపించి, ఏం చేశావని అడిగారు. స్కూటర్ మీద తిప్పానని మట్టయ్య మొదలుపెట్టాడు. బోర్డుల సంగతికి వచ్చేలోగా రామారావు గారు లేచి సర్క్యులర్ రాయించడానికి వెళ్ళిపోయారు. పిల్లలందరికీ ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మధ్య రోజుకో గంట స్కూటర్ థెరపీ తప్పనిసరి అని అందులో ఆదేశించారు. బోర్డుల సంగతి ఓపిగ్గా చివరిదాకా విన్నది పక్కనే కూర్చున్న సంధ్యారాణి గారే. విని, ఆవిడ రామారావు గారి సర్క్యులర్ తెప్పించుకున్నారు. తర్వాత, మట్టి రోడ్డు పిల్లలు ఇక పుస్తకాలు చదువుకోవచ్చు, శనివారంలోగా వచ్చి తీసుకెళ్ళవలెను అని సర్క్యులర్ రెండో పేజీలో తన చేత్తో చేర్చి, అందరికీ వాట్సాప్‌లో పంపించారు.

మర్నాటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఈగ దూరడానికి సందు లేదు. కార్లున్నవాళ్ళు కూడా స్కూటర్లు కొన్నారు. ముందు నాన్న హారన్ కొడుతుంటే, వెనక పిల్లలు తల వంచుకుని సెల్‌ఫోన్లలో ఆటలాడుకున్నారు. మల్లేశం గారు మనవడికి పొద్దున రెండు రౌండ్లు, సాయంత్రం రెండు రౌండ్లు వేయించారు.

శనివారం మట్టయ్య కూతురితో వచ్చి పుస్తకాలు తీసుకున్నాడు. వర్ష సంచి గుండెకు హత్తుకుని గంతులేస్తూ వెళ్ళింది. మిగతా పదకొండు కట్టలు బల్ల మీద అలాగే ఉండిపోయాయి. సర్క్యులర్ వాళ్ళకు చేరలేదేమోనని సంధ్యారాణి గారు కంగారుపడ్డారు. చేరకపోవడమేమిటి, ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ పావుగంటలోనే దాన్ని బంధుమిత్రులందరికీ ఫార్వర్డ్ చేశారని గుమాస్తా రుజువులతో సహా చూపించాడు. మట్టయ్య ఒక్కడే ఫార్వర్డ్ చేయకుండా, ఫోను కూతురి చేతికిచ్చి చదివించుకున్నాడట.