బానెట్ మీద అడవిపంది

ఆ రోజు ఫల్గుణ వేసుకున్న పథకం చిన్నదే. తెల్లవారి ఐదింటికి కారు బానెట్‌కి సీలెంట్ అనే మెరుగుపూత పూయాలి. సాయంత్రం ఐదింటిదాకా దానిమీద నీటిచుక్క పడకుండా కాపలా కాయాలి. విశాఖలో నర్సుల శిక్షణ ముగించుకుని భార్య రాజకుమారి రాత్రి బస్సుకి దిగేసరికి ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకోవాలి. మూడింటిలోనూ చివరిదే కష్టమని అతనికి తెలుసు.

కారు రాజకుమారి పేరు మీద ఉంది. తుడిచే హక్కు మాత్రం ఆశ్రమ పాఠశాల మాస్టారు ఫల్గుణది. గరుకు గుడ్డ తగిలితే పెయింటు పాడైపోతుందని ఏడాదిగా ఆమెకు పాఠం చెబుతున్నాడు. ఆ ఇంట్లో అతని మాట చెల్లే విషయం అదొక్కటే. అలాంటివాడు పోయిన శనివారం, ఆమె విశాఖ వెళ్ళాక, బడికి ఆలస్యమవుతుంటే, బానెట్ మీద బురదతోపాటు ఎండిపోయిన కాకిరెట్టను అంట్లు తోమే పీచుతో రుద్దేశాడు. కడిగి చూస్తే ముదురునీలం రంగు మీద సాలెగూడు అల్లినట్టు గీతలు.

రాజకుమారి తిట్టదు. నవ్వుతుంది. ఆ నవ్వు ఎలా మొదలై ఎన్నేళ్ళు సాగుతుందో అతను వారం రోజులుగా ఊహించుకుంటూనే ఉన్నాడు.

ముందురోజు అరకులో కారు సామాన్ల దుకాణం లాజరస్ అతని ముందు మూడు సీసాలు పెట్టాడు. "ఇది మైనం, మేస్టారూ. నిగనిగలాడిపోద్ది గానీ మన వానలకి నెల ఆగదు. ఇది సిరామిక్. ఏళ్ళ తరబడి ఉంటాది. పూతలో తప్పు జరిగితే ఆ తప్పు కూడా ఏళ్ళ తరబడి ఉంటాది. ఇది పాలిమర్ సీలెంట్. పన్నెండు గంటలు తడి తగలకూడదు, అంతే."

"గీతలు కనపడకుండా సేత్తాదా?"

"సన్నవైతే కొంత దాత్తాది. ఎవరు గీసినారేటి?"

"ఎవరూ గీయలేదు," అన్నాడు ఫల్గుణ, అవసరమైనదానికన్నా గట్టిగా. మూడు సీసాల్లో ఏ భయం చిన్నదో లెక్కవేసుకుని మూడోది తీసుకున్నాడు.

అనుకున్నట్టే ఐదింటికి పూత అయింది. తొమ్మిదింటికి ఫోను మోగింది.

"ట్రైనింగ్ రాత్రే అయిపోనాది. పొద్దున్నే రైలెక్కీసినాను. పదకొండుకి అరకులో దిగుతాను. కారు తే. సామాను బరువుగా ఉంది," అంది రాజకుమారి.

"ఈరోజు ఇటుకల పండగ కదా... దారులన్నీ కట్టీసుంటారు..."

"పండగైతే కారు నడవదేటి?" ఫోను పెట్టేసింది.

మన్యంలో ఈ వేట పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకని కొండెక్కుతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, వచ్చేపోయే బళ్ళను ఆపి పండగ పైసలు అడుగుతారు. వేటనుంచి ఉత్తచేతులతో దిగినవాడి మీద పేడనీళ్ళు పోస్తారు. జంతువులను చంపకూడదని చట్టం వచ్చాక అందరూ ఉత్తచేతులతోనే దిగుతున్నారు కనుక రోడ్డు పక్కన బకెట్లు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ఒక్క చుక్క చిందినా పూత పోయినట్టే.

ఫల్గుణ వెదురు దబ్బలు వంచి బానెట్ మీద గూడులా నిలబెట్టాడు. గుడ్డ పూతకు అంటకుండా దానిమీద నల్లకంబళి కప్పి తాళ్ళతో బిగించాడు. ఆ గూడు అడ్డమై ముందు దారి కనపడదు. తల కిటికీలోంచి బయటపెట్టి, నడిచేవాడికన్నా నెమ్మదిగా బయలుదేరాడు.

మొదటి మలుపులోనే వెదురు అడ్డం వచ్చింది. అప్పలనర్సమ్మ ముందుకొచ్చింది. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. ఫల్గుణ చాచిన నోటు ఆమె చూడలేదు. కంబళిని చూసింది.

"ఏటిది మేస్టారూ? ఎత్తుగా ఉంది?"

"ఏటీ లేదు."

"ఏటీ లేకపోతే కంబళెందుకు? ఇప్పీయండే గుంటల్లారా!"

పది చేతులు తాళ్ళ మీద పడ్డాయి. ఒకామె చేతిలో బకెట్ తొణికింది. ఫల్గుణ నోరు, అతన్ని అడక్కుండానే మాట్లాడింది.

"పంది! అడవిపంది!"

వెంటనే కేకలు. "మేస్టారు పందిని కొట్టీసినారోయ్!" ఎక్కడినుంచో డప్పులు వచ్చాయి. అతని మెడలో పూలదండ పడింది. చదువుకున్నవాడు, నెత్తురు చూస్తే కళ్ళు తిరిగేవాడు, ఇన్నేళ్ళకు ఊరికి మగాడయ్యాడు. భయం మధ్యలో ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. అది చూసి ఫల్గుణకు మరింత భయం వేసింది.

"ఆగండే! వేటకి పసుపునీళ్ళు సల్లాల!" అంది అప్పలనర్సమ్మ, చెంబు ఎత్తుతూ.

"వద్దు! నీళ్ళు పడితే లేస్తాది! బతికే ఉంది!"

జనం ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి జరిగారు. డప్పులు ఆగాయి. చుట్టూ దూరంగా నిలబడి, కారును అలాగే ఊరి కూడలిదాకా నడిపించారు. బతికున్న పంది కబురు కారుకన్నా ముందే వెళ్ళింది. కూడలిలో ఫారెస్ట్ గార్డు సోమన్న కర్ర పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"పందిని కట్టి తెచ్చినారట? కేసవుద్ది మేస్టారూ. ఉద్యోగం కూడా పోద్ది. దిగండి."

ఫల్గుణ దిగాడు. పంది ఉంటే జైలు. లేకపోతే పేడనీళ్ళు. అసలు ఎందుకు కప్పాడో చెబితే రాజకుమారి నవ్వు. జైలే నయమేమోనని నిజంగానే ఆలోచించాడు. అప్పుడే గాలి వీచి కంబళి ఉబ్బింది. లోపల వెదురు కిర్రుమంది. అందరూ అరిచారు. అందరికన్నా ముందు అరిచి సోమన్న వెనక నక్కినవాడు ఫల్గుణ.

సోమన్న కర్రతో కంబళి లాగాడు. వంచిన దబ్బలు. కింద తళతళలాడే నీలం రంగు.

"పందేదీ?" అన్నాడు సోమన్న.

"ఉత్తసేతులు!" అంది అప్పలనర్సమ్మ.

ఎన్ని బకెట్లో అతను లెక్కపెట్టలేకపోయాడు. పేడనీళ్ళు తలమీద, బానెట్ మీద, తెరిచిన తలుపులోంచి సీట్ల మీద పడ్డాయి. తనివితీరా నవ్వుకున్నాక, పండగ మర్యాద ప్రకారం అతన్నీ కారునూ మంచినీళ్ళతో వాళ్ళే కడిగారు. కడిగిన చేతుల్లో గడ్డిపీచులు ఉన్నాయేమోనని చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

సరిగ్గా అప్పుడే ఎవరిదో స్కూటీ వెనకనుంచి రాజకుమారి దిగింది. స్టేషన్లో గంటసేపు నిలబడిన ముఖం. పేడ కంపు కొడుతున్న భర్తను ఆమె చూడలేదు. తిన్నగా బానెట్ దగ్గరికి నడిచింది. ఎండ దానిమీద నేరుగా పడుతోంది. ఒక్క గీత కూడా దాగలేదు.

ఆమె వంగి వేలితో తడిమింది. ఫల్గుణ కళ్ళు మూసుకుని నవ్వు కోసం ఎదురు చూశాడు. నవ్వు రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"సూసీసినావా?" అంది మెల్లగా.

అతనికి అర్థం కాలేదు.

"పోయిన శుక్రవారం డ్యూటీనుంచి వచ్చి, బురద గట్టిపడిపోయుంటే అంట్ల పీచుతో రుద్దినాను. గీతలు పడిపోనాయి. నీకు సెప్పడానికి భయమేసి మళ్ళీ బురద పూసీసినాను. ట్రైనింగ్‌లో ఒక్క ముక్క బుర్రకెక్కలేదయ్యా." ఆమె బానెట్ మీంచి వేలు తీసేసింది. "తిట్టు. ఏటంటావో అను."

శుక్రవారం. తనది శనివారం. ఏ గీత ఎవరిదో ఇక దేవుడికైనా చెప్పడం కష్టం. ఫల్గుణ తడిసిన చొక్కా పిండుకున్నాడు. నిజం గొంతుదాకా వచ్చింది. అక్కడ కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పలనర్సమ్మ, సోమన్న, ఊరంతా చూస్తుండగా ఫల్గుణ పెద్దమనసు చేసుకుని ఆమెను క్షమించాడు.