పనసచెట్టుకి స్టేటస్ కో

"ఆకులు తుడిసేస్తే కోర్టుకేటి నష్టం?" అని చీపురు చేతబట్టుకుని తవిటమ్మ అప్పటికి మూడోసారి అడిగింది.

"నష్టం కాదే, నేరం," అన్నాడు జగన్నాధం. సందు మొదట్లో కుర్చీ వేసుకుని, కాపలా ఉన్నవాడిలా కాళ్లు చాపుకుని కూర్చున్నాడాయన. "ఉన్నది ఉన్నట్టు ఉండాలని జడ్జీగారు రాసినారు. నిన్న రాలిన ఆకు నిన్నటి సోటే ఉండాల."

"మరి ఈయేళ రాలిందో?"

జగన్నాధం కాసేపు ఆలోచించాడు. "దాన్నీ ముట్టకు. లాయరుగార్ని అడిగి సెప్తాను."

అంతలో ఎవరిదో మేక సందులో దూరి, నిన్నటి ఆకులూ ఈవేళ్టి ఆకులూ తేడా లేకుండా నమిలేసి తన దారిన తాను పోయింది. జగన్నాధం చూస్తూ ఊరుకున్నాడు. మేక కేసులో పార్టీ కాదు.

పాతపట్నానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో జగన్నాధం ఇంటికీ అసిరయ్య ఇంటికీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. ఆ సందులో ఒక పనసచెట్టు ఉంది. మొక్క నాటింది తనేనని జగన్నాధం, నీళ్లు పోసింది తనేనని అసిరయ్య. ఈ ఒక్క మాట మీద అయిదేళ్లు కోర్టులో నడిచింది. కింది కోర్టు సందు అసిరయ్యదే అంది. జగన్నాధం జిల్లా కోర్టులో అప్పీలు వేయించాడు. పది రోజుల కిందట లాయరు రమేష్‌బాబు ఒక కేసులోంచి ఇంకో కేసులోకి వెళ్తూ ఫోన్ చేసి, "స్టేటస్ కో వచ్చిందండీ. ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ఏదీ కదపకండి," అని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే జగన్నాధం ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాడు. కోర్టు మాట మీరితే ధిక్కారం, ధిక్కారమైతే జైలు అని అందులో నల్లకోటు వేసుకున్న ఒకాయన వేలు చూపించి మరీ చెప్పాడు. పక్కింట్లో అసిరయ్య కూడా అవే వీడియోలు చూశాడు. గోడలు పలచన కావడంతో కోటాయన గొంతు రెండిళ్లలోంచీ ఒకేసారి వినబడింది.

తవిటమ్మకి అసలు దిగులు ఆకుల గురించి కాదు. వచ్చే వారం గురువారం ఆమె తమ్ముడు గంగులు కూతురికి పెళ్లి. భోజనాల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉండాలని పెళ్లికూతురు ముందే చెప్పుకుంది. "కాయలు నానట్టుకొస్తాను, ఎనిమిది. నువ్వు సంతలో ఎతకొద్దు," అని తవిటమ్మ అందరి ముందూ మాట ఇచ్చి వచ్చింది. చెట్టు మొదలు నుంచీ కాయలు వేలాడుతున్నాయి, ఇప్పుడే సరైన లేత. ఇంకో వారం దాటితే గింజ గట్టిపడిపోతుంది, పొట్టుకి పనికిరాదు. మేనత్త వట్టి చేతులతో పెళ్లికి వెళ్లాలి.

"ఎనిమిది కాయలయ్యా," అంది.

"ఎనిమిది కాయలకి ఆర్నెల్లు," అన్నాడు జగన్నాధం. "నీ తమ్ముడు జైలుకి కేరేజీ తెస్తాడా?"

ఆ రోజే ఆయన చెట్టుకి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, కాయలు లెక్కపెట్టి, ఇరవై మూడు అని నోటుబుక్కులో రాసి తేదీ వేశాడు. అంతకు ముందురోజే అసిరయ్య కూడా లెక్కపెట్టుకున్నాడు. ఆయనకి ఇరవై నాలుగు వచ్చాయి.

"బావా, ఒక కాయేదీ?" అని మర్నాడు అసిరయ్య చెట్టు అవతలి నుంచి అడిగాడు.

"ఏ కాయ?"

"ఇరవై నాలుగోది."

"అది ఎప్పుడు కాసింది?"

"కాసింది కాబట్టే పోయింది. నిన్న రాసింది ఇరవై మూడని నువ్వే అంతన్నావు. అంటే నువ్వు తీసినాకే రాసినావు!"

"ఒరే అసిరయ్యా, నువ్వు రెండో తరగతి ఎన్నిసార్లు సదివినావో ఊరందరికీ తెలుసు. నీ లెక్క నానొప్పుకోను."

"బావవని ఊరుకుంతన్నాను. ఇది సివిల్ కాదు ఇంక. దొంగతనం, క్రిమినల్!" అని అసిరయ్య చొక్కా తొడుక్కుని స్టేషనుకి వెళ్లిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం హెడ్ కానిస్టేబులు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఎండలో నిలబడి కాయలు లెక్కపెడితే ఇరవై రెండు తేలాయి. ఇరు పక్షాలూ గోల పెట్టడంతో చెట్టు చుట్టూ తిరిగి ఇంకోసారి లెక్కపెట్టాడు. ఇరవై అయిదు వచ్చాయి. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకుని, తవిటమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు.

"సూడండి," అన్నాడు. "క్రిమినల్ కేసంటే అనుమానానికి సందు ఉండకూడదు. అసలు ఎన్ని కాయలున్నాయో నాకే అనుమానంగా ఉన్నాది. పోయిందని ఏటని రాయమంటారు? అప్పీలు నడస్తన్నాది కదా, అక్కడే తేల్చుకోండి. పనసకాయకి పోలీసు రంగు పులమకండి." గ్లాసు గట్టు మీద పెట్టి, మళ్లీ పిలుస్తారేమోనని భయపడినట్టు గబగబా బండి తీశాడు.

ఆ రాత్రి గాలి వీచింది. పొద్దున్న చూస్తే అన్నిటికంటే పెద్ద కాయ ఒకటి తొడిమ దగ్గర సగం చీలి, పడనా వద్దా అన్నట్టు వేలాడుతోంది. జగన్నాధం నోటుబుక్కు తీసి చూశాడు. కాయ రాలితే లెక్క మారుతుంది. లెక్క మారితే ధిక్కారం. ఇంట్లోకి పరిగెత్తి, మంచం మీద ఏది చేతికందితే అది తెచ్చి, కాయకి ఉయ్యాల కట్టినట్టు కొమ్మకి బిగించి కట్టేశాడు.

తవిటమ్మ స్నానం చేసి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పెళ్లికి కట్టుకుందామని ఇస్త్రీ చేయించి మడత పెట్టుకున్న నేతచీర దాని మీద లేదు. సందులోకి వెళ్లి చూస్తే చీర చెట్టున ఉంది. కాయ హాయిగా అందులో పడుకుని ఉంది.

"ఏటయ్యా ఇది?" ఆమె చీర కొస పట్టుకుంది. "ఇప్పుడే ఇప్పు!"

జగన్నాధం ముడి మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే అవతలి నుంచి ఫోన్ కెమెరా టిక్కుమంది.

"అప్పీలు నడస్తుండగా కొత్త కట్టడం కట్టినావు బావా!" అన్నాడు అసిరయ్య సంతోషం పట్టలేక. "మా లాయరుకి పంపించేసినాను. నోటీసు వస్తాది, కాసుకో!"

జగన్నాధం ముడి మీంచి చెయ్యి తీసేశాడు. "ముట్టుకోకే తవిటీ," అన్నాడు నెమ్మదిగా. "సీర ఇప్పుడు రికార్డులోకెక్కింది. ఉన్నది ఉన్నట్టే ఉండాల."

కాయలు పోయాయి, ఇప్పుడు చీర కూడా పోయింది. తవిటమ్మ ఏమీ అనలేదు. ఆమె అరిచినంతసేపూ ఆ ఇంట్లో ఎవరికీ భయం ఉండదు. అరవనప్పుడే కోడలు యమున పొయ్యి మంట తగ్గించి వచ్చి చూస్తుంది.

ఆ మధ్యాహ్నం జగన్నాధం కాపలా కుర్చీలో కునుకు తీస్తుండగా తవిటమ్మ ట్రంకుపెట్టెలోంచి కోర్టు కాగితాల కట్ట తీసి యమున ముందు పెట్టింది. "నువ్వు బీకాం సదివినావు కదే అమ్మా. ఇందులో నిజంగా ఏటి రాసుందో సదువు. మీ మావ సెప్పింది కాదు, కోర్టు సెప్పింది."

యమున ఆర్డరు కాపీ రెండుసార్లు చదివింది. "అత్తా, సందులో గోడ కట్టొద్దు, కట్టింది పడగొట్టొద్దు, ఎవరికీ అమ్మొద్దు. అప్పీలు తేలేదాకా అంతే. కాయల గురించి లేదు. ఆకుల గురించీ లేదు."

"సీర గురించి?"

"చీర గురించి ఎందుకుంటాది అత్తా?"

"మరి మీ మావకి సెప్తే?"

"కాయల గొడవ అందులో ఉండదని నిన్ననే చెప్పాను. 'జడ్జీ రాయనిది కూడా మనం సదూకోవాల' అన్నారు." యమున మొదటి పేజీ తిప్పి ఆగింది. "అత్తా, ఇది చూశారా? అప్పీలుదారు అని మీ పేరుంది. ప్రతివాది పక్కింటి కూర్మమ్మత్త. మావ పేరు ఎక్కడా లేదు."

తవిటమ్మ కాగితం దగ్గరగా పెట్టుకుని తన పేరు ఒక్కో అక్షరం చూపించుకుంది. ఇళ్ల స్థలాలు ఇచ్చినప్పుడు పట్టాలు ఆడవాళ్ల పేరనే ఇచ్చారు. కేసు వేసేటప్పుడు ఎక్కడ చూపిస్తే అక్కడ ఆమె సంతకం పెట్టింది. సాక్ష్యం చెప్పిందీ, వాయిదాలకి తిరిగిందీ, గెలిచిందీ ఓడిందీ మాత్రం జగన్నాధమే. ఆమె ఇన్నాళ్లూ మొగుడి కేసుకి క్యారేజీ కడుతున్నానని అనుకుంది.

"అంటే," అంది, "ఇది నా కేసా?"

సాయంత్రం కుళాయి దగ్గర బిందె కింద పెట్టి కూర్మమ్మతో అదే మాట చెప్పింది. అసిరయ్య పెళ్లాం కూర్మమ్మ రోలు ఆ సందులోనే ఉండిపోయి రెండు వారాలు కావస్తోంది. ఆమె పచ్చళ్లు నూరుకోవడానికి ఊరి చివరి దాకా వెళ్తోంది.

"నా మీద నువ్వు కేసేసినావా వదినా?" అంది కూర్మమ్మ, బిందె పొంగుతున్నా చూసుకోకుండా.

"ఏసినానంట. నువ్వు గెలిసినావంట."

"నానా? నాకెవరూ సెప్పనేలేదే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత గొంతులు తగ్గించారు. ఆ శనివారం జిల్లా కోర్టులో లోక్ అదాలత్ ఉందని యమున ఫోన్ చేసి కనుక్కుంది.

శనివారం పొద్దున్నే పెళ్లికి గాజులు కొనాలని చెప్పి ముగ్గురూ శ్రీకాకుళం బస్సెక్కారు. మగాళ్లిద్దరూ సంతోషంగా సాగనంపారు. సందు కాపలా వాళ్లకి వాళ్లే చాలు.

రమేష్‌బాబు తవిటమ్మని చూసి లేచి నిలబడ్డాడు. అయిదేళ్లలో ఆమెని చూడటం అదే రెండోసారి. "జగన్నాధంగారు రాలేదాండీ?"

"ఆయనెందుకు బాబూ? మీ క్లయింటు నాను కాదేటి?"

ఆయన ఫైలు తెరిచి చూసుకుని, కాదనడానికి వీల్లేక, అవతలి లాయరుని పిలిపించాడు. సందు ఇద్దరిదీ, చెట్టు ఇద్దరిదీ, కాయలు సగం సగం, రోలు ఎక్కడుందో అక్కడే అని రాజీ పత్రం రాశారు. లోక్ అదాలత్‌లో జడ్జీగారు అది చదివి కళ్లద్దాలు పైకి జరుపుకున్నారు.

"మరి ఇన్నేళ్లు ఎందుకు పోట్లాడారమ్మా?"

"మేమెప్పుడు పోట్లాడేం బాబూ?" అంది కూర్మమ్మ. "మేం సంతకాలెట్టేం."

జడ్జీగారు తలవంచుకుని కాసేపు కాగితాలు సర్దుకున్నారు. తర్వాత ఆయన కూడా సంతకం పెట్టారు.

వాళ్లు ఊరు చేరేసరికి మగాళ్లిద్దరూ టీ కొట్టు దగ్గర చెరో బెంచీ మీద కూర్చుని ఒకరినొకరు గమనించుకుంటున్నారు. సందు ఖాళీగా ఉంది. తవిటమ్మ ముందు చీర విప్పుకుని దులిపి దాచింది. ఆ తర్వాత కూర్మమ్మ స్టూలు పట్టుకుంటే కత్తితో కాయలు కోసింది. గోనెసంచిలో ఎనిమిది పెట్టింది, మిగతావి రెండిళ్లకి పంచింది. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.

దీపాలు పెట్టే వేళకి జగన్నాధం వీధి మలుపు తిరుగుతూనే ఆగిపోయాడు. పనసపొట్టులో ఆవ కలిపిన వాసన. ముక్కు ఎగబీల్చి చూస్తే అసిరయ్య ఇంటి వైపు నుంచి వస్తోంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఫోన్ తీసి సందులోకి ఉరికాడు. అటు నుంచి అసిరయ్య కూడా ఫోన్ పట్టుకుని ఉరికి వచ్చాడు.

"ధిక్కారం!" అన్నాడు జగన్నాధం. "మీ వంటింట్లోంచి వస్తన్నాది!"

"మా ఇంట్లోంచా? మీ పొయ్యి మీదే ఉడుకుతన్నాది బావా, కిటికీలోంచి వీడియో తీసినాను!"

ఇద్దరూ ఒకేసారి చెట్టుకేసి చూశారు. చెట్టు మొదలంతా బోడిగా ఉంది. చీర కూడా లేదు. జైలు అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు.

"బావా," అన్నాడు అసిరయ్య గొంతు తగ్గించి, "ఇప్పుడేటి సేద్దాం?"

"మనం సూడలేదందాం," అన్నాడు జగన్నాధం. అయిదేళ్లలో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

రెండిళ్ల గుమ్మాల్లోంచీ భోజనానికి పిలుపులు వచ్చాయి. జగన్నాధం వచ్చి కంచం ముందు కూర్చున్నాడు కానీ అన్నంలో చెయ్యి పెట్టలేదు. కొడుకు ధర్మేంద్ర అప్పుడే పాతపట్నంలో సెల్‌ఫోన్ల షాపు మూసి వచ్చి, ఎవరి మొహం చూడాలో తెలియక కూర వైపు చూస్తున్నాడు. యమున గ్లాసుల్లో నీళ్లు పోసింది.

తవిటమ్మ అందరి కంచాల్లోనూ కూర వడ్డించి, గరిటె గిన్నె అంచున పెట్టి, తనూ పీట వాల్చుకుని కూర్చుంది.

"నా కేసు నాను తీసేసుకున్నాను," అంది మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత నెమ్మదిగా. "సందు ఇద్దరిదీ. జడ్జీగారు సంతకం ఎట్టినారు. గురువారం కాయలు పెళ్లికి ఎల్తాయి. నానూ ఆ సీర కట్టుకునే ఎల్తాను."

గోడ అవతల కూర్మమ్మ కూడా అదే మాట చెప్పినట్టుంది, అక్కడ గ్లాసు దొర్లిన చప్పుడైంది.

జగన్నాధం కోడలి వైపు తిరిగాడు. "దీని మీద అప్పీలుంటాదా అమ్మా?"

"లోక్ అదాలత్‌లో రాజీ అయితే అప్పీలుండదు మావా."

ఆయన చెయ్యి కడుక్కుందామా వద్దా అని కాసేపు చెంబు వైపు చూశాడు. తర్వాత ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకున్నాడు. మూడో ముద్దకి కంచం ముందుకు జరిపి, ఎవరినీ చూడకుండా, "ఇంకో గరిటె ఎయ్యి," అన్నాడు.

ఆ దరఖాస్తు మాత్రం వాయిదా పడకుండా అక్కడికక్కడే మంజూరైంది.