మంచినీళ్ల కుండీ మహాసంగ్రామం

సావధానచిత్తులారా, ఆలకించండి. సహస్రకిరణుడు మేడమీది నీళ్ల ట్యాంకు చాటునుంచి తొంగిచూస్తున్న శుభవేళ, ఫ్యాను గరగర తప్ప వేరొక రణభేరి ఎరుగని వృక్షశాస్త్ర పరిశోధనాగారంలో, చెక్క అరమీద మిరపమొక్కల కుండీలు చతురంగబలాల్లా బారులు తీరి ఉండగా, స్కేలునే ఖడ్గంగా ధరించిన ఒక పరిశోధక విద్యార్థిని తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలుచుంది.

కారణం సామాన్యమైనది కాదు. ఆమె గైడు, మొక్కలు ఏపుగా పెరగడానికి ఒక అమోఘ ద్రావణం కనిపెట్టిన తపోధనుడు. ఆ ద్రావణం తాగిన కుండీలన్నీ బుద్ధిగా జానెడెత్తున ఉంటే, పోలిక కోసం ఒట్టి మంచినీళ్లతో పెంచిన ఏకైక కుండీ వాటన్నిటి నెత్తిమీదుగా చూస్తోంది.

"దాన్ని లెక్కలోంచి తీసేసి వ్యాసం రేపు పత్రికకు పంపించెయ్యమ్మా. నీకు పట్టా వస్తుంది, నాకు నిద్ర వస్తుంది" అన్నాడు గైడు నిన్న.

"తీసేసేముందు, నువ్వు లేనప్పుడు దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారో చూడు" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే సీనియరు. "మొక్కని అనుమానించే ముందు మనుషుల్ని అనుమానించాలే పిల్లా."

అందుకే ఈ నిఘా.

అంతలో గైడు వచ్చాడు. నలుదిక్కులూ కలయజూసి, మంచినీళ్ల కుండీని పసిబిడ్డలా ఎత్తుకుని, ఎండ ధారాళంగా పడే కిటికీ గట్టున కూర్చోబెట్టాడు. ఆపై ఫ్లాస్కు మూతలో చల్లారిన టీని దాని మొదట్లో పోశాడు.

విద్యార్థిని హృదయంలో ప్రళయకాల మేఘాలు ఉరిమాయి. "ఓయీ ఆచార్యవర్యా, ఒకే ఒక్క భేదముంచి తక్కినదంతయు సమానముగా ఉంచవలెనను పరిశోధనాధర్మమును చేజేతులా మంటగలిపితివే" అని దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాలనుకుంది. నోట వచ్చింది మాత్రం ఇది:

"సార్, ఏం చేస్తున్నారు సార్?"

ఆచార్యుడు ఫ్లాస్కు మూతను వెనక దాచుకున్నాడు. "చూడలేకపోయానమ్మా. అన్నిటికీ మందు పోస్తున్నావు, పాపం దీనికి ఒట్టి నీళ్లా? నువ్వొచ్చేలోగా మళ్లీ సర్దేస్తున్నాగా."

"మరి మీ మందు పనిచేస్తుందో లేదో మనకెలా తెలుస్తుంది?"

"తెలియకపోతే వ్యాసం పంపలేమా?"

"పంపొచ్చు. ఎవరో ఒక రైతు నమ్మి చేనంతా పోసుకుంటాడు."

ఆ వాగ్బాణం తపోధనుడి మర్మస్థానాన్ని భేదించింది. ఆయన ఫ్లాస్కు మూతను బల్లమీద పెట్టేశాడు.

"మళ్లీ విత్తనం నుంచి మొదలుపెట్టాలి. నీ పట్టా ఏడాది వెనక్కి పోతుందే."

ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలో ఆమెకింకా తెలియలేదు.

"పోనివ్వండి సార్. ఈసారి సగం కుండీలకు ఒట్టి నీళ్లే. ఏవి ఏవో మీకు చెప్పను."

"కనీసం పలకరించొచ్చా?"

"పలకరించండి. కానీ అన్నిటినీ సమానంగా."

గైడు నిట్టూర్చి, కుండీని తన చేతులతోనే కిటికీ గట్టునుంచి దించి అరమీద పెట్టాడు. ఆపై వరసగా ఒక్కో కుండీ ముందు వంగి, ఒకే స్వరంతో, ఎవరిమీదా ఎక్కువ ప్రేమ ఒలకబోయకుండా, "బాగున్నావా" అని అడగసాగాడు.

ఈ విధంగా ఆ వీరాంగన, చెక్క అరమీద కుండీ పట్టేంత జాగాను శత్రువు చెరనుంచి విడిపించి, చేతిలో ఒక్క ఫలితమూ లేనిదై, దిగ్విజయం సాధించినదై, కొత్త విత్తనాలు నానబెట్టడానికి కదిలింది.