ఒకే సర్వరులో నందీ, పెళ్లికూతుళ్లూ

వెబ్‌సైటు కోసం సొంత సర్వరు తీసుకునేవాడికి వ్యాపారం తెలియదని నేను ఘంటాపథంగా చెబుతాను!

ఎక్కడో చల్లటి గదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. అదే సర్వరు. అందులో మీ సైటు ఒక్కటే ఉంటే అది పగలంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. అదే సర్వరులో నలభై సైట్లు పెడితే? ఖర్చు నలభై ముక్కలవుతుంది! నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జీపులో ఒక్కరే వెళ్తామా? డ్రైవరు ఒళ్లో తప్ప అన్నిచోట్లా మనుషులే. అయినా ఎవరి ఊళ్లో వాళ్లు దిగడం లేదూ?

పక్క సైటువాడు పరీక్ష ఫలితాలు పెట్టిన రోజు మీ సైటు కూడా తెరుచుకోదు. నష్టమా? కానే కాదు! జిల్లా పిల్లలందరి పాసు ఫెయిళ్లలో మీకూ భాగం దక్కినట్టే. ఇంకొకడు ఊరందరికీ పనికిరాని ఈమెయిళ్లు పంపితే, ఒకే సర్వరు కనుక మీ ఈమెయిళ్లను కూడా ఎవరూ తీసుకోరు. జవాబులు రాసే బాధ తప్పింది!

నమ్మకపోతే ఆళ్లగడ్డ నారాయణను అడగండి. ఆయన రాతి విగ్రహాల వ్యాపారి. 2003లో ఆయన షెడ్డు ముందు పెద్ద నంది ఒకటి కూర్చుని ఉండేది. అడిగి చేయించుకున్నవాళ్లు వెనక్కి తగ్గారు. రోడ్డు మీద పోయే బస్సుల్లోని జనమంతా దానికి దణ్ణం పెట్టేవాళ్లే, కొనేవాడు ఒక్కడూ లేడు. పెట్టుబడంతా అందులో ఇరుక్కుంది. నంది కదిలితే తప్ప కొత్త రాయి దింపలేడు.

అందుకే నంద్యాలలో కంప్యూటర్ సెంటరు నడిపే యోబు దగ్గర సైటు చేయించుకున్నాడు. సైటు పేరు పనిచేయడానికి రెండు రోజులు పడుతుందని, అందాకా చూసుకోమని యోబు సర్వరు నెంబరు ఇచ్చాడు. ఆ నెంబరు కొడితే నంది ప్రత్యక్షం! నారాయణ లెక్క వేశాడు. ఇంగ్లీషు పేరైతే జనం తప్పు కొడతారు, నెంబరైతే ఫోను నెంబరులా కొట్టేస్తారు. అంతే! విజిటింగ్ కార్డుల మీద సైటు పేరు తీసేసి ఆ నెంబరే అచ్చేయించాడు. ఎంత ముందుచూపు!

ఆ కార్డును లారీ డ్రైవరు చేత బళ్లారిలో ఒక గుడి కమిటీకి పంపాడు. నెలలోపే అక్కడినుంచి ఫోను వచ్చింది.

“ఏందప్పా నారాయణా, నందిని సూపిస్తానని పెండ్లికూతుర్లను సూపిస్తాండావ్? మా మీటింగు ఈ సాయంత్రమే!”

నారాయణ జీపెక్కి నంద్యాలలో ఊడిపడ్డాడు.

“నా నెంబరులోకి పెండ్లికూతుర్లు యాడినుంచి వచ్చిరి యోబూ?”

“అది నీ నెంబరు కాదన్నా, సర్వరుది. పంచుకుంటే అందరికీ మేలని ఇప్పుడు దాంట్లో నలభై సైట్లు పెట్టినా. పేరు చెప్పి వచ్చినోళ్లను ఆ సైటుకు పంపుతాది. ఉత్త నెంబరుతో వస్తే వరుసలో ముందుండేదాన్ని సూపిస్తాది.”

“ముందు నేనే ఉంటిని కదా!”

“అప్పుడు నువ్వొక్కనివే ఉంటివి. ఇప్పుడు ముందు ఉమామహేశ్వరమ్మ మ్యారేజ్ బ్యూరో ఉండాది. ఆయమ్మ కొంచెం ఎక్కువిచ్చిందిలే.”

అంతలో వీధి అవతల బ్యూరో నుంచి ఆ ఉమామహేశ్వరమ్మే వచ్చింది.

“నువ్వేనా నారాయణ? బళ్లారోళ్లు నా సైటులో నెంబరు సూసి నాకు ఒకటే ఫోన్లు! ఎత్తెంత, బరువెంత, నలుపు బాగా తేలిందా అని అడుగుతాండారు. ఏ పిల్ల గురించో అనుకొని కడిగేసినా. కడాన తెలిసె, నీ నంది గురించని.”

నారాయణ ఆత్రంగా అడిగాడు. “మరి ఏం చెప్తివమ్మా?”

“ఉన్నదే చెప్పినా. బస్సులోనించి ఎన్నిసార్లు సూడలేదు దాన్ని? నల్లగా నిగనిగలాడతాది, ఎదురు మాట్లాడదు, పోయిన ఇల్లు ఇడిసి కదలదు అంటి. మీటింగు లేకుండానే ఒప్పుకున్యారు. రేపు లారీతోనే వస్తాండారు. మా కమీషను రెండు పక్కలా ఇయ్యాల, అది బ్యూరో పద్ధతి!”

చూశారా షేరింగ్ మహిమ! సొంత సర్వరు ఉండుంటే నందికి ఇంత చక్కటి సంబంధం కుదిరేదా? మర్నాడు నంది బళ్లారి వెళ్లింది. దాని నాలుగు కాళ్లలో ఒక కాలి ఖరీదు ఉమామహేశ్వరమ్మకు వెళ్లింది. నారాయణ అది కూడా లాభంలోనే రాసుకున్నాడు.

కాకపోతే వ్యాపారి కదా, ఒక సందేహం మిగిలింది. మళ్లీ యోబు దగ్గరికి వెళ్లాడు.

“మీ సెంటరు సైటు ఎప్పుడు కొట్టినా టక్కున తెరుసుకుంటాదే! నన్నూ అదుండే సర్వరులోనే పెట్టు నాయనా.”

యోబు తల గోక్కున్నాడు. “అది వేరే సర్వరన్నా. ఆడ నేనొక్కడినే ఉంటా.”

“పంచుకుంటే మేలని మా అందరికీ చెప్తివే?”

“మేలే! కానీ పక్కన మనుషులుంటే స్లో అయితాది కదన్నా!”