నవ్వులో వెనకబడ్డ పిల్ల

“నవ్వని బాల్యం దేశానికి తీరని లోటు!”

పుర్వోరెజో పట్టణంలో చిన్నపిల్లల బడుల మీద అధికారి పాక్ హర్దిమాన్. అక్కడ ‘పాక్’ అంటే అయ్యగారు, ‘బు’ అంటే అమ్మగారు. ఆయన ఈ మాట ప్రకటించినప్పుడు ఆయన మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు. పెద్ద హోటల్లో శిక్షణ తరగతికి వెళ్లి, భోజనానికీ ఫలహారానికీ మధ్య దొరికిన ఖాళీలో నేర్చుకొచ్చిన శాస్త్రం ఇది. ఏడాది పిల్లలు మొహం దాచుకుని తెరిస్తే నవ్వుతారట. రెండేళ్లవాళ్లు గిన్నె నెత్తిన పెట్టుకుంటే నవ్వుతారట. ఇంకాస్త పెరిగాక ఆవుని పట్టుకుని బాతు అంటే నవ్వుతారట. అయిదేళ్లు వచ్చేసరికి ఎదుటివాడి మనసులో ఏముందో కనిపెట్టి మరీ నవ్వుతారట!

“మన పిల్లలు ఆఖరి మెట్టు మీద ఉండాలి. అదీ వచ్చే వారానికల్లా!” అన్నాడు.

“వారంలో ఎలా ఎదుగుతారు పాక్?” అంది టీచరు నికెన్.

“ఎదగకపోతే ఎదిగినట్టు కనబడనివ్వండి బు నికెన్! డైరెక్టరుగారు వస్తున్నారు. మేక జోకు చెబుతారు. పిల్లలు పడీపడీ నవ్వాలి. మిమ్మల్ని పర్మనెంటు చేసే ఫైలు మీద సంతకం కూడా ఆయనదే. గుర్తుందిగా?”

గుర్తులేకేం? ఆ సంతకం కోసం నికెన్ ఏళ్ల తరబడి ఆఫీసు గుమ్మం అరగదీస్తోంది. టెంపరరీ టీచరు జీతం నెల మొదట్లోనే మాయమై, మిగతా నెలంతా అమ్మ చేసే కర్రపెండలం చిప్స్ మీద ఇల్లు నడుస్తోంది.

మేక జోకు తెలియనివాళ్లు ఆ శాఖలో లేరు. డైరెక్టరుగారు రైలెక్కుతారు. పక్క సీట్లో మేక ఉంటుంది. టిక్కెట్టు కలెక్టరు వచ్చి “టిక్కెట్టు ఎప్పుడు కొన్నావ్?” అంటాడు. మేక “మే...” అంటుంది. ఇక్కడ డైరెక్టరుగారు ఆగుతారు. మే నెలలో కొన్నదన్నమాట! అప్పుడు అందరూ నవ్వుతారు. ఆయన ఆ శాఖకు వచ్చిన నాటినుంచీ నవ్వుతూనే ఉన్నారు.

హర్దిమాన్ స్వయంగా వచ్చి పిల్లలతో రిహార్సలు చేయించాడు. “మే...” అని ఆగి, వేలు పైకెత్తాడు. పిల్లలంతా హహ్హహ్హా అన్నారు. ఒక్క కినసిహ్ తప్ప.

“ఆ మేక ఒక్కతే వెళ్తోందా? వాళ్లమ్మ ఏది?” అంది కినసిహ్.

“జోకులో అమ్మలుండరు!”

“అయితే అది ‘మే’ అన్నది అమ్మ కోసమే. పాపం, ఏడుస్తోంది.”

హర్దిమాన్ తల పట్టుకున్నాడు. “ఈ పిల్ల నవ్వులో రెండేళ్లు వెనకబడి ఉంది! ఆ రోజు అందరికంటే వెనక కూర్చోబెట్టండి” అంటూ లేచాడు. పిల్లల కుర్చీ కూడా ఆయనతోబాటే లేచింది. ఇరుక్కుపోయింది! కినసిహ్ పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఇది నవ్వే చోటు కాదు!” అని అరిచాడు, కుర్చీతో సహా తిరిగి.

నికెన్ పెదవి కొరుక్కుంది. ఆయన వెళ్లాక పిల్లలకి సులువైన కిటుకు నేర్పింది: “డైరెక్టరుగారు ఆగగానే నవ్వెయ్యండి. ఏం చెప్పారన్నది మీకెందుకు?” చెప్పాక తనకే ఏదోలా అనిపించింది. అయినా సంతకం సంతకమే.

డైరెక్టరు పాక్ విర్యవాన్ వచ్చాడు. ముందు వరసలో అధికారులు, వెనక పిల్లలు. అందరికంటే వెనక, అరటికాయ బజ్జీల పళ్లేల దగ్గర కినసిహ్.

“నిన్న రైలెక్కాను” అన్నాడు డైరెక్టరు. ముందు వరస పెదవులు సర్దుకుంది. “సోలో పట్టణంలో మా అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు. చిన్నప్పుడు నన్ను భుజానెక్కించుకుని బడికి తీసుకెళ్లినవాడు. మంచం పక్కన కూర్చున్నాను. నన్ను చూసి... ‘నువ్వెవరు?’ అన్నాడు.”

జేబురుమాలు తీస్తూ ఆగాడు.

ఆగాడు కదా! హర్దిమాన్ తొడ చరుచుకుని నవ్వాడు. అధికారులు విరగబడి నవ్వారు. వాళ్లని చూసి పిల్లలు హహ్హహ్హా అన్నారు. ఆ హోరులో నికెన్‌కి తన గొంతు కూడా వినబడింది.

నవ్వు ఆగాక కినసిహ్ ఒక బజ్జీ పట్టుకుని ముందుకొచ్చింది. “తాతా, ఏడుపొస్తోందా?”

డైరెక్టరు తలూపి బజ్జీ అందుకున్నాడు. తర్వాత హర్దిమాన్ వైపు చూశాడు.

“మన్నించాలి పాక్!” హర్దిమాన్ చెమట తుడుచుకున్నాడు. “శాస్త్రప్రకారం ఈ వయసులో ఎదుటివాళ్ల బాధ పూర్తిగా అర్థం కాదు. పిల్లలే కదా, నవ్వేశారు! ఏమంటారు బు నికెన్?”

నికెన్ నోరు తెరిచేలోపే కినసిహ్ అంది: “ముందు మీరే నవ్వారుగా! మీరు నవ్వితేనే మావాళ్లు నవ్వారు.”

“నిజమేనండీ. నేనూ నవ్వాను. వినకుండానే నవ్వాను” అంది నికెన్.

డైరెక్టరు మొహం ఇంతకుముందుకంటే ఎక్కువ పాలిపోయింది. “అంటే... నేను ఆగితే చాలు, నవ్వేస్తారా? మేక జోకుక్కూడా అంతేనా?”

“అయ్యయ్యో! అది వేరు పాక్! అది ఆణిముత్యం!” అన్నాడు హర్దిమాన్.

“ఏమో! ఇప్పుడే తేల్చేద్దాం.”

అక్కడికక్కడే మేక రైలెక్కింది. టిక్కెట్టు కలెక్టరు వచ్చాడు. “మే...”

కప్పు ఎగిరిపోయేలా నవ్వారు! ఒకాయన కుర్చీలోంచి జారి కింద పడ్డాడు. ఇంకొకాయన దగ్గొచ్చి నీళ్లు తాగాడు. డైరెక్టరు మొహం విప్పారింది. “చూశారా, జోకులో సరుకుంది!” అని కళ్లు తుడుచుకున్నాడు.

కినసిహ్ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. “తాతా, మరి మీ అన్నయ్య?”

“ఏ అన్నయ్య?” అన్నాడాయన నవ్వాపుకోలేక.

హాలు మళ్లీ గొల్లుమంది. హర్దిమాన్ నికెన్ వైపు తిరిగి, నవ్వమని కనుబొమలతోనే హుకుం జారీ చేశాడు. నికెన్ నవ్వలేదు. కినసిహ్ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఫైలు త్వరలోనే తిరిగొచ్చింది. సంతకం ఉండాల్సిన చోట చక్కటి అక్షరాలతో రాసి ఉంది: “అభ్యర్థికి ఎదుటివారి మనసు ఎరిగి నడుచుకునే వయసు ఇంకా రాలేదు.”