ముఖం చూపించిన ట్రక్కు

మనిషి చక్రాన్ని కనిపెట్టిన రోజే దాన్ని ఎక్కడ ఆపాలన్న ప్రశ్న కూడా పుట్టింది. ఎందరో జ్ఞానులను వేధించిన ఆ ప్రశ్నకు కాన్సస్‌లోని విల్లో ఫోర్క్ విశ్వవిద్యాలయం తుది సమాధానం కనుక్కుంది. ఇక్కడ మాత్రం కాదు.

లొరీన్ ఉన్రూ అక్కడ నర్సింగు చదువుతోంది. ఇంకొక్క సెమిస్టరు గట్టెక్కితే పట్టా చేతికొస్తుంది. సొంత ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంది. ఆమె పికప్ ట్రక్కుకు పార్కింగ్ పర్మిట్ ఉంది, పెట్టిన చోటు సరైనదే, గీతల మధ్యే పెట్టింది. అయినా అద్దం మీద చలానా అంటించి ఉంది. నేరం: వాహనమును రివర్సులో నిలుపుట.

కాన్సస్‌లో బండికి నంబరు వెనకే ఉంటుంది. పార్కింగ్ శాఖ వారి కెమెరా కారు దారిలో సాగిపోతూ బండ్ల వెనకభాగాలు చదువుకుంటుంది. వెనకభాగాన్ని గోడవైపు తిప్పుకుని, వచ్చేపోయేవారికి నిండుగా ముఖం చూపించే బండిని అది గుర్తుపట్టలేదు. (మరి చలానా ఎవరి పేరున రాశారని మీకు అనుమానం రావచ్చు. ఉద్యోగి ఒకాయన కారు దిగి, ట్రక్కు వెనక్కి నడిచి వెళ్లి, నంబరు చూసి రాసుకున్నాడు. చూడటం సాధ్యమే, కానీ చూడాల్సి రావడమే నేరం.)

ఉన్రూల ఇంట బండిని వేరేలా పెట్టడం ఎవరూ ఎరగరు. లొరీన్ తండ్రి వెర్లిన్ ఊళ్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి పెద్ద. ఫోన్‌లో సంగతి వినగానే ఆయన భగ్గుమన్నాడు.

"సైరన్ మోగాక రివర్సు తీసుకుంటూ కూర్చుంటే కొంప కాలిపోదూ? అప్పీలు పెట్టు. తప్పని మాత్రం ఒప్పుకోకు!"

"ఇక్కడ కొంపలేవీ అంటుకోవట్లేదులే నాన్నా."

"అంటుకున్న రోజు చూద్దువుగాని మీ ప్రొఫెసర్ల సంబడం. అందరూ ఒక్కసారే వెనక్కొచ్చి ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటారు."

లొరీన్ అప్పీలు పెట్టింది. చలానా సంగతి తేలేదాకా అంటూ మర్నాడే ఆమె వచ్చే సెమిస్టరు రిజిస్ట్రేషనుకు తాళం పడింది. శుక్రవారం సాయంత్రంలోగా చివరి కోర్సులో చేరకపోతే ఆ సెమిస్టరు చేజారినట్టే. ఆమె పార్కింగ్ శాఖకు పరుగెత్తింది.

అక్కడ గార్లండ్ పీచ్ కూర్చుని ఉన్నాడు. ఆయన అప్పీళ్ల సమన్వయాధికారి, ద్వితీయ శ్రేణి. (ప్రథమ శ్రేణి అధికారి కారు పెట్టే చోటు కోసం తిరిగి తిరిగి, చివరికి అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పదవి ఖాళీగానే ఉంది.) మంచి మనిషి. బల్ల మీద ఉన్న పిప్పరమెంట్ల గిన్నెను ఆమె వైపు జరిపాడు.

"కూర్చో తల్లీ. నీ అప్పీలు చదివాను. అగ్నిప్రమాదం గురించి బాగా రాశావు, చెమట పట్టింది నాకు."

"అయితే కొట్టేస్తారా సార్, చలానా?"

"అది కమిటీ పని. కమిటీ వచ్చే సెమిస్టరుకు రిజిస్టరైన విద్యార్థుల అప్పీళ్లే వింటుంది."

"నన్ను రిజిస్టరు కానివ్వట్లేదు కదండీ!"

"అవును మరి, చలానా ఉంది కదా."

"పోనీ, జరిమానా కట్టేస్తాను. తప్పు నాదే. మా నాన్నకు మాత్రం చెప్పకండి."

గార్లండ్ నొచ్చుకున్నాడు. "అప్పీలు నడుస్తుండగా డబ్బు తీసుకుంటే ఏమంటారమ్మా? తీర్పు అమ్ముకున్నామంటారు."

"అప్పీలే వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోవచ్చు. కమిటీ అనుమతించాలి."

"కమిటీ ఎవరివి వింటుందో చెప్పకండి సార్, దణ్ణం పెడతాను."

ఆయన పిప్పరమెంటు ఒకటి తానే నోట్లో వేసుకున్నాడు. తరవాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సందర్శకులకైతే ఈ గొడవేం లేదు. మొదటి చలానా అడిగిన వెంటనే మాఫీ. పాపం, బయటివాళ్లు, వాళ్లకేం తెలుస్తాయి మన రూల్సు?"

"నేను బయటిదాన్ని కాదు కదండీ."

"ఇప్పటికి కాదు," అన్నాడు గార్లండ్, ఎంతో ఆప్యాయంగా.

విద్యార్థి ఆన్‌లైన్ ఖాతాలో 'విశ్వవిద్యాలయమును వీడుట' అని ఒక మీట ఉంటుంది. కోర్సు మార్చాలన్నా, గది మార్చాలన్నా ముగ్గురి సంతకాలు కావాలి గానీ, ఆ మీటకు ఏ తాళమూ అడ్డం రాదు. చలానా మాఫీ చేయించుకుని, శుక్రవారంలోగా మళ్లీ చేరిపోవచ్చని లెక్క వేసుకుని లొరీన్ మీట నొక్కింది. పని క్షణంలో అయిపోయింది. ఆ విశ్వవిద్యాలయంలో అంత చురుకైన సేవ ఆమె అంతవరకూ చూడలేదు.

సందర్శకురాలిగా మాఫీ అడుగుతూ పార్కింగ్ శాఖకు అర్జీ పంపి, తరవాత ప్రవేశాల విభాగానికి వెళ్లింది. కిటికీ వెనకున్న ఆవిడ వివరమంతా ఓపికగా విని, తిరిగి చేరగోరువారికి ఈ సెమిస్టరుకు కాదు, ఇక జనవరిలోనే ప్రవేశమని చెప్పింది.

"నాకు ఒక్క కోర్సే మిగిలిందండీ!"

"అయ్యో, అంత దాకా వచ్చి ఎందుకు మానేశావమ్మా?" అందావిడ.

లొరీన్ ట్రక్కులో కూర్చుని కోపంతో, అవమానంతో వెక్కివెక్కి ఏడ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అక్కడి పెద్ద నర్సు ఆర్డిత్ అంతా విని, "విల్లో ఫోర్కే కదూ? వసంతకాలం దాకా ఆగుతాంలే, ఏడవకు. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఇలాగే అయింది," అంది. అలా ఉద్యోగం నిలిచింది. పోయింది ఆరు నెలల జీవితం మాత్రమే.

శుక్రవారం సాయంత్రం, రిజిస్ట్రేషన్లు ముగిసిన కాసేపటికి, ఆమె ఫోన్‌కు పార్కింగ్ శాఖ నుంచి సందేశం వచ్చింది.

"గౌరవనీయ సందర్శకురాలికి, మీ చలానా రద్దు చేశాం. కలిగిన అసౌకర్యానికి మన్నించండి. మా ప్రాంగణం మీకు నచ్చిందని తలుస్తాం. ఇక్కడ చదువుకోవాలని మీరెప్పుడైనా ఆలోచించారా?"